సెప్టెంబరు, అక్టోబరు నెలలు మార్కెట్లకు నిజంగానే గండమా?

సెప్టెంబరు, అక్టోబరుల్లో మార్కెట్లు పడతాయని, యెన్ మాత్రం బలపడుతుందని మీ స్నేహితుడు చెప్పాడని రాశారు. మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. ఇండెక్స్ ఫండ్లలో ఉన్న డబ్బును ఆగస్టు చివర్లో బయటికి తీసి నవంబరులో మళ్లీ పెట్టాలా అన్నది మొదటిది. యెన్ బలపడుతుందన్న నమ్మకంతో డాలరు-యెన్ జతలో 20 రెట్ల లీవరేజ్‌తో (చేతిలోని డబ్బుకు 20 రెట్ల పరిమాణంలో, అప్పు మీద) తీసుకున్న పొజిషన్‌ను ఈ రెండు నెలలూ దాటించవచ్చా అన్నది రెండోది. రక్షణగా, మార్కెట్ పడితే నష్టం పూడ్చే పుట్ ఆప్షన్లు కొనాలా అన్నది మూడోది.

ముందే సూటిగా చెప్పేస్తాను. ఫండ్లను కదపకండి. ఆ మార్జిన్ పొజిషన్‌ను, అంటే అప్పు మీద తీసుకున్న యెన్ పొజిషన్‌ను మాత్రం ఈ వారమే బాగా తగ్గించండి. ఆప్షన్ల సంగతి చివర్లో చూద్దాం. నేను చాలాకాలం ఒక బ్యాంకు ట్రెజరీలో ఫారెక్స్ (కరెన్సీల కొనుగోలు, అమ్మకం) డెస్క్ మీద పనిచేశాను. సెప్టెంబరు వస్తోందంటే అక్కడ భయం కన్నా పని ఎక్కువగా ఉండేది. లిమిట్లు మళ్లీ చూసుకోవడం, డిసెంబరు దాటే అవసరాలకు డాలర్లు ముందే సర్దిపెట్టుకోవడం, అంతే. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే మీ మూడు ప్రశ్నలకూ దారి దొరుకుతుంది.

మొదట లెక్కలు. అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీని 1928 నుంచి చూస్తే, సెప్టెంబరులో సగటున ఒక శాతం చుట్టుపక్కల నష్టం కనిపిస్తుంది. పన్నెండు నెలల్లో ఇంత చెడ్డ సగటు మరో నెలకు లేదు. 2020 నుంచి 2023 వరకు వరుసగా నాలుగు సెప్టెంబర్లు నష్టాల్లోనే ముగిశాయి. 2022లో ఆ ఒక్క నెలలోనే 9 శాతానికి పైగా పోయింది. ఇక్కడిదాకా వింటే మీ స్నేహితుడు చెప్పింది నిజమే అనిపిస్తుంది. కానీ ఆ సగటును కిందికి లాగిన నెలలు కొన్నే. 1931 సెప్టెంబరులో డౌ జోన్స్ సూచీ 30 శాతం పడింది. అలాంటి ఒక్క నెల చాలు, ఎన్నో మామూలు సెప్టెంబర్ల లెక్కను తారుమారు చేయడానికి. మొత్తం మీద నష్టంతో ముగిసిన సెప్టెంబర్లు సగం కన్నా కాస్త ఎక్కువ. దాదాపు బొమ్మా బొరుసూ ఆటే. 2010 సెప్టెంబరులో ఎస్ అండ్ పీ 500 సూచీ 8 శాతానికి పైగా పెరిగింది. 2024, 2025 సెప్టెంబర్లు కూడా లాభంతోనే ముగిశాయి.

అక్టోబరు సంగతి ఇంకా విచిత్రం. 1929, 1987, 2008 వల్ల దానికి పాడు పేరు వచ్చింది గానీ, దీర్ఘకాలపు సగటు చూస్తే అది లాభమిచ్చే నెల. ఒక్కో రోజు ఎగుడుదిగుళ్లు మాత్రం మిగతా నెలల కంటే ఎక్కువ. పెద్ద పతనాల్లో కొన్ని ఆగింది కూడా అక్టోబరులోనే. 1974, 1990, 2002, 2022 సంవత్సరాల్లో సూచీ అట్టడుగు తాకి పైకి తిరిగింది ఆ నెలలోనే. అంటే ఆగస్టు చివర్లో అమ్మినవాడికి అసలు పరీక్ష అమ్మడం కాదు. పత్రికలన్నీ ఇక ప్రపంచం మునిగిపోయిందని రాస్తున్న వారంలో తిరిగి కొనగలగాలి. అలా కొన్నవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను. ఎక్కువమంది ‘ఇంకాస్త స్థిరపడనీ’ అంటూ పైకి పోయిన ధరకే కొంటారు.

పైగా లాభమెంత? సెప్టెంబరు సగటు నష్టంలోంచి అక్టోబరు సగటు లాభం తీసేస్తే మిగిలేది అర శాతం చిల్లర. అమ్మకంపై పన్ను, కొనుగోలు ఖర్చులు, చేతిలో డబ్బు ఖాళీగా ఉన్న రోజులు కలిపితే ఆ అర శాతం నిలవదు. అందుకే ఫండ్లను కదపవద్దన్నాను.

మరైతే ఈ కాలానికీ మార్కెట్ ఒడిదుడుకులకూ సంబంధమే లేదా అంటే, ఉంది. అది ఒకప్పుడు పంటల నుంచి వచ్చింది. 19వ శతాబ్దపు అమెరికాలో పంట కోతలప్పుడు రైతులకూ ధాన్యం వ్యాపారులకూ నగదు కావాల్సి వచ్చేది. పల్లె ప్రాంతాల బ్యాంకులు న్యూయార్క్ బ్యాంకుల్లో దాచుకున్న డిపాజిట్లను వెనక్కి తీసుకునేవి. ఆ న్యూయార్క్ బ్యాంకులేమో అదే డబ్బును షేర్ బ్రోకర్లకు రోజువారీ అప్పుగా ఇచ్చి ఉండేవి. పల్లెల వైపు డబ్బు కదలగానే బ్రోకర్ల అప్పుల మీద వడ్డీ ఎగిసేది. అప్పు దొరకనివాళ్లు షేర్లు అమ్మేవాళ్లు. అలా ప్రతి ఏటా శరత్కాలంలో డబ్బు బిగుసుకునేది. ఆ బిగువులో ఎక్కడైనా ఒక పెద్ద సంస్థ కూలిందా, ఇక పానిక్. 1873 సెప్టెంబరులో జే కుక్ అండ్ కంపెనీ అనే బ్యాంకు కూలినప్పుడు న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌ని పది రోజులు మూసేశారు. 1907 అక్టోబరులో న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ ట్రస్ట్ అనే ఆర్థిక సంస్థ ముందు జనం క్యూ కట్టినప్పుడు కేంద్ర బ్యాంకు లేదు. పెద్ద బ్యాంకరు జె.పి.మోర్గాన్ మిగతా బ్యాంకర్లను కూర్చోబెట్టి డబ్బు పోగు చేయించాల్సి వచ్చింది. ఈ బాధ పడలేకే 1913 డిసెంబరులో అమెరికా కేంద్ర బ్యాంకు ‘ఫెడ్’ కోసం ఫెడరల్ రిజర్వ్ చట్టం చేశారు. అవసరానికి తగ్గట్టు సాగే, తగ్గే కరెన్సీ కావాలన్నది అందులో ముఖ్య ఉద్దేశం. ఫెడ్ వచ్చాక వడ్డీ రేట్ల కాలానుగుణ ఎగుడుదిగుళ్లు బాగా తగ్గాయి.

ఇప్పుడు పంట కోతలకు న్యూయార్క్ డబ్బు అక్కర్లేదు. అయినా ఈ నెలల్లో డబ్బు బిగుసుకునే కారణాలు వేరే రూపంలో మిగిలే ఉన్నాయి. ఆగస్టులో సెలవులకు పోయిన డీలర్లు, ఫండ్ మేనేజర్లు సెప్టెంబరు తొలి సోమవారం, అంటే అమెరికా లేబర్ డే తర్వాత తిరిగొస్తారు. వేసవిలో ఆగిన బాండ్ ఇష్యూలన్నీ ఆ వారంలోనే వరసకడతాయి. ఆ బాండ్లు కొనడానికి డబ్బు ఎక్కడో అక్కడి నుంచి రావాలి కదా. సెప్టెంబరు మధ్యలో అమెరికా కంపెనీలు పన్ను కడతాయి. నెలాఖరుకు త్రైమాసికం ముగుస్తుంది. మూడో త్రైమాసికం ఫలితాలకు ముందు చాలా కంపెనీలు తమ సొంత షేర్ల బైబ్యాక్‌ను తగ్గిస్తాయి లేదా ఆపేస్తాయి. అంటే రోజూ కొనే పెద్ద కొనుగోలుదారుడు కొన్ని వారాలు పక్కకు తప్పుకుంటాడు. అమెరికా మ్యూచువల్ ఫండ్లు మూలధన లాభాల లెక్కను అక్టోబరు 31తో ముగించుకుంటాయి. 1986 నాటి పన్ను సంస్కరణ వల్ల వచ్చిన ఏర్పాటు ఇది. దాంతో నష్టాల్లో ఉన్న షేర్లను వదిలించుకునే పని అక్టోబరులో జోరందుకుంటుంది.

బయటివాళ్లకు అంతగా కనబడనిది ఇంకొకటుంది. సెప్టెంబరు చివరికి వచ్చేసరికి మూడు నెలల అప్పు గడువు డిసెంబరు 31 దాటిపోతుంది. ఏడాది చివర్లో బ్యాంకులు తమ బ్యాలెన్స్ షీట్లను చిన్నవిగా చూపించుకోవాలని చూస్తాయి, కాబట్టి ఆ తేదీ దాటే డాలర్ అప్పుకు ఎక్కువ ధర అడుగుతాయి. డెస్క్ మీద ఇది స్పష్టంగా తెలుస్తుంది. సెప్టెంబరు మూడో వారంలో ఒక రేటుకు ఇచ్చిన మూడు నెలల డాలర్ స్వాప్‌ను (వేరే కరెన్సీ ఇచ్చి డాలర్లు తీసుకుని, గడువుకు వెనక్కి మార్చుకునే ఒప్పందాన్ని), వారం పది రోజులు పోయాక అదే బ్యాంకు ఖరీదైన రేటుకు ఇస్తుంది. వార్తల్లో ఏమీ జరగలేదు, క్యాలెండర్ ఒక గీత దాటింది, అంతే.

2019 సెప్టెంబరు 16, 17 తేదీలు దీనికి మంచి ఉదాహరణ. కంపెనీల పన్ను చెల్లింపులు, అప్పుడే వేలం వేసిన ప్రభుత్వ బాండ్ల సెటిల్‌మెంట్ ఒకే రోజు వచ్చి పడ్డాయి. రెండు శాతం పైచిలుకు ఉండాల్సిన ఓవర్‌నైట్ రెపో రేటు (బాండ్లు తాకట్టు పెట్టి ఒక్క రాత్రికి తీసుకునే అప్పుపై వడ్డీ) కొన్ని లావాదేవీల్లో పది శాతం దరిదాపులకు వెళ్లింది. న్యూయార్క్ ఫెడ్ వెంటనే నగదు దింపింది. షేర్ సూచీలు పెద్దగా కదల్లేదు కాబట్టి మామూలు మదుపరులకు ఆ సంగతే తెలియదు. ఫెడ్ దిగకపోతే ఏమయ్యేదన్నది ఆలోచించండి. 1907కూ 2019కీ తేడా అక్కడే ఉంది.

ఇక కరెన్సీలు. షేర్ల పతనాల గురించి రాసేవాళ్లు కరెన్సీని పక్కన పెట్టేస్తారు గానీ, పాత శరత్కాలపు దెబ్బల్లో చాలావాటికి మొదటి కదలిక కరెన్సీ వైపు నుంచో వడ్డీ రేట్ల వైపు నుంచో వచ్చింది. 1929 సెప్టెంబరు 20న లండన్‌లో హాట్రీ అనే ఫైనాన్షియర్ సామ్రాజ్యం మోసం బయటపడి కూలింది. అప్పటికే బంగారం తరలిపోతున్న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆ నెల 26న వడ్డీని 6.5 శాతానికి పెంచింది. న్యూయార్క్‌లో పెట్టిన డబ్బు లండన్ వైపు తిరగడానికి అదొక కారణం. నెల తిరక్కుండానే వాల్ స్ట్రీట్ కథ మీకు తెలిసిందే. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని, అంటే పౌండు విలువను బంగారానికి కట్టే పద్ధతిని వదిలేసింది. నేను పైన చెప్పిన 30 శాతం పతనం ఆ నెలదే.

1987 అక్టోబరు 19న డౌ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. మార్కెట్ పడేకొద్దీ ఫ్యూచర్స్ (ముందు తేదీకి ధర ఖాయం చేసే కాంట్రాక్టులు) అమ్ముకుంటూ పోయే పోర్ట్‌ఫోలియో ఇన్సూరెన్స్ పద్ధతి ఆ పతనాన్ని పెద్దది చేసింది, నిజమే. కానీ దానికి ముందు రోజుల్లో అమెరికా పదేళ్ల బాండ్ ఈల్డ్ (బాండ్‌పై వచ్చే రాబడి రేటు) 10 శాతం దాటింది. జర్మనీ వడ్డీ రేట్లు పెంచుతోందని అమెరికా ట్రెజరీ కార్యదర్శి జేమ్స్ బేకర్ బహిరంగంగా విమర్శించారు. డాలర్‌ను కాపాడాలన్న ఒప్పందం చెడిపోతోందని మార్కెట్ అనుకుంది. చాలామంది మర్చిపోయే విషయం ఇంకొకటి: 1987 సంవత్సరం మొత్తం మీద డౌ స్వల్ప లాభంతోనే ముగిసింది. ఏడాది పొడవునా కదలకుండా కూర్చున్నవాడికి ఏమీ పోలేదు. మార్జిన్ మీద ఉన్నవాళ్లకు మాత్రం అక్టోబరు 20 నాటికే ఆట ముగిసింది.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలవుతుంది. కరెన్సీల్లో ‘ఈ నెలలో ఇది పెరుగుతుంది’ అన్న లెక్కలు షేర్ల కన్నా బలహీనం. షేర్ సూచీకి దీర్ఘకాలంలో పైకి పోయే గుణమైనా ఉంది. కరెన్సీ జతలో ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే. జపాన్ కంపెనీల అర్ధ సంవత్సరం సెప్టెంబరు 30న ముగుస్తుంది కాబట్టి విదేశీ లాభాలను ఇంటికి తెచ్చుకుంటాయని, యెన్ బలపడుతుందని మీ స్నేహితుడు చెప్పిన మాటలో కొంత వాస్తవముంది. 2022లో ఏం జరిగిందో చూడండి. సెప్టెంబరు 22న డాలరు 145 యెన్లు దాటాక జపాన్ ప్రభుత్వం 1998 తర్వాత మొదటిసారి యెన్ కొనడానికి మార్కెట్లోకి దిగింది. దాదాపు 2.8 ట్రిలియన్ యెన్లు పెట్టింది. అదే రోజు డాలరు 141 కిందికి వచ్చింది. ‘చూశావా, యెన్ తిరిగింది’ అని అప్పుడు 141 దగ్గర యెన్ కొన్నవాడికి నెల తిరిగేసరికి డాలరు 152 దరిదాపుల్లో కనిపించింది. అది దాదాపు ఎనిమిది శాతం కదలిక. మీలాగే 20 రెట్ల లీవరేజ్ ఉంటే ఐదు శాతానికే ఖాతా ఖాళీ. అక్టోబరు 21న జపాన్ మళ్లీ దిగింది, ఈసారి 5.6 ట్రిలియన్లతో, ప్రకటన కూడా లేకుండా. దాని ఫలితం చూడ్డానికి అప్పటికి అతను ఆటలో లేడు. అమెరికా వడ్డీ జపాన్ కంటే ఎక్కువగా ఉన్నంతకాలం యెన్ పట్టుకున్నందుకు ప్రతి రాత్రీ ఆ వడ్డీ తేడాకు బ్రోకర్ వసూలు చేసే స్వాప్ చార్జీ కూడా కట్టాలన్నది వేరే బాధ.

అదే శరత్కాలంలో పౌండు ఇంకా స్పష్టమైన పాఠం చెప్పింది. సెప్టెంబరు 23, శుక్రవారం, బ్రిటన్ ఆర్థిక మంత్రి అప్పు తెచ్చి పన్నులు తగ్గిస్తామంటూ మినీ బడ్జెట్ పెట్టాడు. పౌండు ఆ రోజే 1.12 డాలర్ల దగ్గర నుంచి 1.09 కిందికి జారింది. ‘ఇంత పడిందంటే తిరిగి లేస్తుంది’ అని ఎవరైనా 1.09 దగ్గర కొన్నారనుకోండి. సోమవారం తెల్లవారుజామున ఆసియా వేళల్లో అది 1.035 దగ్గరికి, చరిత్రలోనే అతి తక్కువకు పడింది. అంటే ఐదు శాతం. 20 రెట్ల వాడి ఖాతా అక్కడితో సరి. 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బాండ్లు కొనడం మొదలుపెట్టింది. వారం ముగిసేసరికి పౌండు 1.11 పైన ఉంది. అతని అంచనా తప్పు కాదు. మూడు రెట్ల లీవరేజ్‌తో ఉండి ఉంటే మధ్యలో పెట్టుబడిలో 15 శాతం నష్టం చూసి, శుక్రవారానికి ఐదు శాతం లాభంతో బయటపడేవాడు. దిశ సరిగ్గా పట్టుకుని కూడా డబ్బు పోగొట్టుకోవడం ఫారెక్స్‌లో రోజూ జరిగేదే, ఈ నెలల్లో ఇంకాస్త ఎక్కువ.

స్టాప్ లాస్ పెట్టుకున్నాను, టెన్షన్ లేదు అని రాశారు. మామూలు స్టాప్ లాస్ అంటే మీరు ముందే పెట్టిన నష్టపు ధర తాకగానే, పొజిషన్‌ను అప్పటి ధరకు తేల్చేసే మార్కెట్ ఆర్డర్‌గా మారేది మాత్రమే. ఆ క్షణంలో ఎదుటి వైపు ఎవరూ లేకపోతే దొరికిన ధరకే పోతుంది. 2016 అక్టోబరు 7న ఆసియా ఉదయపు తొలి గంటల్లో, లండన్ నిద్రపోతున్న వేళ, పౌండు నిమిషాల్లో 9 శాతం దాకా పడి మళ్లీ చాలావరకు లేచింది. ఇరుకు సందులో జనమంతా ఒకేసారి బయటికి పరిగెత్తినట్టే, స్టాప్‌లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయాయి. ధర వెనక్కి వచ్చింది గానీ అమ్ముడైపోయినవి వెనక్కి రాలేదు. గ్యారంటీడ్ స్టాప్ ఇచ్చే బ్రోకర్లు ఉన్నారు, దానికి అదనంగా వసూలు చేస్తారు. అదీ కాకపోతే, ఖాతా మైనస్‌లోకి పోకుండా రక్షణ ఉందో లేదో మీ ఒప్పందంలో చదవండి. యూరప్‌లో 2018 నుంచి చిన్న మదుపరులకు ప్రధాన జతల్లో లీవరేజ్‌ను 30 రెట్లకు పరిమితం చేసి, మైనస్ బ్యాలెన్స్ రక్షణను తప్పనిసరి చేశారు. అన్ని చోట్లా అలా లేదు.

చిన్న విషయాలు రెండు. అక్టోబరు మొదటి వారంలో చైనా మార్కెట్లు జాతీయ దినోత్సవ సెలవుల్లో ఉంటాయి, ఆసియా వేళల్లో లావాదేవీలు పలచబడతాయి. యూరప్‌లో అక్టోబరు చివరి ఆదివారం, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారతాయి. మధ్యలో ఉన్న ఆ వారం లండన్, న్యూయార్క్ మధ్య ఎప్పుడూ ఉండే గంటల తేడా ఉండదు. డేటా విడుదల ఒక గంట ముందే వచ్చిందని కంగారుపడేవాళ్లను ప్రతి ఏటా చూస్తాం.

క్యాలెండర్‌ని మరీ నమ్ముకుంటే వచ్చే ఇబ్బంది ఏమిటంటే, మిగతా నెలల్లో కాపలా సడలుతుంది. స్విస్ నేషనల్ బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంకుల హద్దు పెట్టింది 2011 సెప్టెంబరు 6న. దాన్ని హఠాత్తుగా ఎత్తేసి బ్రోకర్లను కూడా ముంచింది 2015 జనవరి 15న. కోవిడ్ పతనం ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చింది. జపాన్ నిక్కీ ఒక్కరోజులో 12 శాతం పైగా పడింది 2024 ఆగస్టు 5న. వీటిలో సమానంగా ఉన్నవి అతిగా అప్పు చేసినవాళ్లు, అందరూ ఒకే వైపు తీసుకున్న పొజిషన్లు, హఠాత్తుగా ఖరీదైన లేదా మాయమైన డబ్బు. శరత్కాలంలో ఆ మూడూ కలవడానికి కాస్త ఎక్కువ అవకాశముంది. అందుకే నేను నెలను చూడను. రెపో రేట్లు, మూడు నెలల డాలర్ స్వాప్ ధర, బాండ్ ఈల్డ్‌ల వేగం చూస్తాను. ఇవి ప్రశాంతంగా ఉంటే సెప్టెంబరు అయినా నాకు అభ్యంతరం లేదు.

మీ యెన్ పొజిషన్‌కు ఇది వర్తింపజేస్తే, లీవరేజ్ మూడు రెట్లకు మించకుండా పరిమాణం తగ్గించండి. ఎనిమిది శాతం ఎదురు తిరిగినా ఖాతాలో మూడొంతులైనా మిగిలేట్టు ఉండాలి. శుక్రవారం రాత్రి పూట, కేంద్ర బ్యాంకు సమావేశానికి ముందు రోజు అదనపు పొజిషన్ ఏదీ వద్దు.

చివరిది, పుట్ ఆప్షన్లు. అక్టోబరు ఒడిదుడుకుల నెల అన్న సంగతి ఆప్షన్లు అమ్మేవాళ్లకు కూడా తెలుసు. వాళ్లు మనకంటే ముందే లెక్కేస్తారు. మార్కెట్ ఒడిదుడుకుల అంచనాను కొలిచే విక్స్ సూచీ ఫ్యూచర్స్‌లో అక్టోబరు కాంట్రాక్ట్ ధరలో ఆ భయం ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. రెండు మూడు రోజులు మార్కెట్ పడ్డాక పరిగెత్తుకెళ్లి కొంటే ప్రీమియం (ఆప్షన్ ధర) రెట్టింపు కట్టి, పతనం ఆగినా పోగొట్టుకుంటారు. కొనాలనుకుంటే జులైలోనో, అంతా నిశ్శబ్దంగా ఉన్న వారంలోనో కొనాలి, అదీ పోయినా పర్లేదనుకున్న మొత్తానికే. మీ ఫండ్లలోని డబ్బు పదేళ్ల వరకు అక్కర్లేదన్నారు కాబట్టి దానికి పుట్లు అనవసరపు ఖర్చు. వచ్చే ఏడాది చదువు ఫీజు కోసం అన్న భాగం ఒకటి రాశారు చూడండి, అది షేర్ ఫండ్‌లో ఎందుకుంది? దాన్ని తీసి డిపాజిట్‌లో పెట్టండి, అది ఏ నెలైనా సరే.